డాబా మీదికి గాజు మూత: చూడాల్సింది తెరిచినప్పుడు కాదు, మూసి ఉన్నప్పుడు

స్థలం ఇరుకైన నగరంలో డాబా కూడా ఒక గదే. కాసేపు గాలికి కూర్చోవడానికి, నాలుగు మొక్కలు పెంచుకోవడానికి ఇంట్లో అంతకంటే మంచి చోటు దొరకదు. అక్కడికి చేరాలంటే మెట్లు కావాలి, ఆ మెట్లకు పైన మెట్ల గది కావాలి. మెట్ల గది కట్టబోతే ఒక్కోచోట భవనం ఎత్తు నిబంధన అడ్డొస్తుంది. డాబాలో మంచి భాగం పోతుంది. కింద మెట్ల దారి మాత్రం ఎప్పటిలాగే చీకటిగా ఉంటుంది. ఈ చిక్కుకు ఆర్కిటెక్టులు చూపించే విరుగుడు రూఫ్ యాక్సెస్ స్కైలైట్. మెట్ల పైన కప్పులో పొడవాటి ఖాళీ వదిలి, దానికి తెరుచుకునే గాజు మూత బిగిస్తారు. మూసి ఉంటే మెట్ల మీద పగటి వెలుగు, తెరిస్తే నేరుగా డాబా.

వీటిని అమ్మేవాళ్ల వీడియోలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. స్విచ్ నొక్కగానే పెద్ద గాజు పలక చప్పుడు లేకుండా లేస్తుంది, నీలాకాశం కనిపిస్తుంది, ఎవరో నవ్వుతూ పైకి నడుస్తారు. చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ ఏ ఇంట్లోనైనా ఆ మూత రోజుకు గంటసేపు తెరిచి ఉంటే ఎక్కువ. మిగతా 23 గంటలూ అది కప్పులో ఒక ముక్క. వాన, ఎండ, దుమ్ము, పిట్టల రెట్టలు, పక్క డాబా మీంచి వచ్చే దొంగ, అన్నిటికీ అదే ఎదురు నిలవాలి. కొనేవాళ్ల చూపు ఆ ఒక్క గంట మీద ఉంటుంది. డబ్బు పెట్టాల్సింది ఆ 23 గంటల మీద.

చిక్కంతా ఎక్కడుందంటే, ఈ ఒక్క వస్తువు మూడు పనులు చేయాలి. కప్పులా నీటిని ఆపాలి, కిటికీలా వెలుగునివ్వాలి, తలుపులా మనిషిని పోనివ్వాలి. ఈ మూడింటికీ ఒకదానితో ఒకదానికి పడదు. తలుపుకు గడప తక్కువగా ఉంటే సుఖం, కప్పుకు అదే గడప ఎంత ఎత్తుంటే అంత క్షేమం. కిటికీకి గాజు పెద్దదైతే అందం, తలుపుకు అదే గాజు మోయలేని బరువు. మార్కెట్లో ఉన్న ప్రతి మోడలూ ఈ మూడింటి మధ్య ఏదో ఒక రాజీయే. మీ ఇంటికి ఏ రాజీ నప్పుతుందో ముందు తేల్చుకుంటే, మోడల్ ఎంచుకోవడం పెద్ద పని కాదు.

మెట్లు తేలాకే గాజు సైజు

చాలామంది ముందు గాజు సైజు అనుకుని, దాని కింద మెట్లు ఇరికిస్తారు. లెక్క అటు నుంచి ఇటు చేయాలి.

ఎక్కే మనిషి తల కప్పుకు తగలకుండా ఉండాలంటే ప్రతి మెట్టు మీదా సుమారు 2 మీటర్ల ఖాళీ ఉండాలి. స్లాబు, దాని మీది పొరలు కలిపి 30 సెంటీమీటర్ల మందం అనుకుందాం. అంటే డాబా మట్టానికి 2.3 మీటర్ల కిందున్న మెట్టు దగ్గరే కప్పులో ఖాళీ మొదలవ్వాలి. మెట్టు ఎత్తు 18 సెంటీమీటర్లు, పాదం పెట్టే వెడల్పు 25 సెంటీమీటర్లు అయితే ఆ ఖాళీ పొడవు దాదాపు 3.2 మీటర్లు వస్తుంది. మెట్లను నిటారు చేసి ఎత్తు 20, వెడల్పు 22 పెడితే 2.5 మీటర్లకు తగ్గుతుంది. గాజు ఖర్చులోనూ బరువులోనూ అది పెద్ద తేడా. అయితే 22 సెంటీమీటర్ల మెట్టు మీద దిగేటప్పుడు పాదం పూర్తిగా ఆనదు. చేతిలో కుర్చీయో పూలకుండీయో ఉంటే కాలు ఎక్కడ పడుతోందో కనిపించదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే గాజు ఖర్చు పెరిగినా సరే, మెట్లను నిటారు చేయొద్దనే చెబుతాను.

చుట్టు మెట్లు వేస్తే నలుచదరపు ఖాళీ సరిపోతుంది, గాజు చిన్నదవుతుంది. కాకపోతే బల్లలూ సోఫాలూ ఆ దారిన పైకి వెళ్లవు. ట్యాంకు చూసుకోవడానికో సోలార్ పలకలు తుడవడానికో ఎప్పుడో ఒకసారి ఎక్కేవాళ్లకు నిచ్చెన, దాని మీద చిన్న మూత చాలు. అలాంటి చోట ఖరీదైన మోటారు మూత దండగ.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. రోజుకు నాలుగైదుసార్లు డాబా మీదికి వెళ్లే ఇల్లయితే, అంటే బట్టలు ఆరేయడం, మొక్కలకు నీళ్లు పోయడం, పిల్లల ఆటలు అన్నీ పైనే అయితే, నిబంధనలు ఒప్పుకున్నంతవరకు మామూలు మెట్ల గది, మామూలు తలుపే మేలు. వెలుగు కావాలనుకుంటే ఆ గది కప్పులో కదలని గాజు బిగించుకోవచ్చు. కదలని గాజుకు మోటారు ఉండదు, అరిగే రబ్బరు అంచులు ఉండవు, కారే అవకాశమూ చాలా తక్కువ. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

కట్టి ఉన్న ఇంట్లో పెడుతుంటే స్లాబు కోయాలి. కోస్తే లోపలి ఇనుప కడ్డీలు తెగుతాయి, అవి మోస్తున్న బరువు మరో దారి వెతుక్కోవాలి. ఖాళీ చుట్టూ కొత్త దూలాలు కావాలా, కింద ఆనుడు ఎక్కడ ఇవ్వాలి అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్కవేసి కాగితం మీద పెట్టాలి. కోత మిషను తెచ్చేవాళ్ల ధీమా దానికి బదులు కాదు. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు మీదైనా డాబా అందరిదీ అయి ఉండొచ్చు. ఆ సంగతి అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోవాలి.

ఎటు తెరుచుకుంటుంది, ఎవరు ఎత్తుతారు

ప్రధానంగా మూడు రకాలున్నాయి. ఒక పక్క బందులతో పైకి లేచే మూత, పక్కకు జరిగే మూత, మూడు వైపులా గాజు గోడలు ఉండి తలుపులా నడిచి బయటికి వెళ్లగలిగే గాజు పెట్టె. పెట్టె రకం వాడకానికి అన్నిటికంటే సుఖం, ఖరీదులోనూ ఎత్తులోనూ అన్నిటికంటే ఎక్కువ. దూరం నుంచి చూస్తే చిన్న మెట్ల గదిలాగే కనిపిస్తుంది కాబట్టి ఎత్తు నిబంధన దానికీ వర్తించొచ్చు.

పైకి లేచే మూత గురించి రెండు లెక్కలు తెలిసి ఉండాలి. మొదటిది బరువు. గాజు ఒక చదరపు మీటరుకు, ఒక మిల్లీమీటరు మందానికి 2.5 కిలోలు తూగుతుంది. బయట 6 మిల్లీమీటర్ల పలక, లోపల రెండు 4 మిల్లీమీటర్ల పలకలు అంటించిన గాజు పెడితే మొత్తం 14 మిల్లీమీటర్లు, అంటే చదరపు మీటరుకు 35 కిలోలు. మీటరు వెడల్పు, రెండున్నర మీటర్ల పొడవున్న మూతకు గాజే 87 కిలోలు దాటుతుంది, ఫ్రేము అదనం. కారు డిక్కీకి ఉండేలాంటి గ్యాస్ స్ప్రింగులు కొంత సాయం చేస్తాయి గానీ, ఏళ్లు గడిచేకొద్దీ వాటి బలం తగ్గుతుంది. షోరూంలో ఒంటిచేత్తో లేచిన మూత కొన్నేళ్లకు రెండు చేతులతోనూ లేవనని మొరాయించొచ్చు. చిన్న మూతకైతే చేత్తో తెరిచేది ఫర్వాలేదు. పెద్దదానికి మోటారు తప్పదు.

రెండోది గాలి. లేచి నిలబడ్డ మూత తెరచాపలాంటిది. గాలి ఒత్తిడిని లెక్కించే మామూలు సూత్రం ప్రకారం, సెకనుకు ఎన్ని మీటర్ల వేగమో దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్లో వస్తుంది. గంటకు 72 కిలోమీటర్ల ఈదురుగాలి అంటే సెకనుకు 20 మీటర్లు, ఒత్తిడి 240 న్యూటన్లు. రెండున్నర చదరపు మీటర్ల మూత మీద అది 600 న్యూటన్లు, అంటే 60 కిలోల బరువు పక్కనుంచి తోసినట్టు. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. ఈ దెబ్బంతా తట్టుకోవాల్సింది బందులు, మోటారు చేతులు. అందుకే ఎత్తైన భవనాల్లో, గాలి విసురుగా ఉండే చోట్ల పక్కకు జరిగే రకమే నాకు నచ్చుతుంది. దానికి డాబా మీద మూతంత జాగా ఖాళీగా ఉంచాలి, జరిగే పట్టాల్లో చెత్త చేరకుండా చూసుకోవాలి. ఆ మాత్రం కష్టం పడొచ్చు.

ఎవరూ ఆలోచించని ప్రమాదం ఒకటుంది. మూత తెరిచినప్పుడు డాబాకు మధ్యలో మనిషి పట్టేంత గొయ్యి ఏర్పడుతుంది. కింద నుంచి చూస్తే అది దారి, పైనుంచి చూస్తే గొయ్యే. ఫోన్ మాట్లాడుతూ వెనక్కి అడుగేసినవాళ్లకు, పరుగెత్తే పిల్లలకు అది కనిపించదు. మెట్లు పైకి చేరే వైపు తప్ప మిగతా మూడు పక్కలా సుమారు 1.1 మీటర్ల ఎత్తు రెయిలింగ్ ఉండాలి. వీడియోల్లో అది దాదాపు ఎప్పుడూ కనిపించదు, ఫొటో పాడవుతుంది మరి. పిట్టగోడ లేని డాబా మీదికి పిల్లల్ని పంపనివాళ్లు ఈ రెయిలింగ్ విషయంలోనూ అంతే పట్టుగా ఉండాలి.

మూసి ఉన్నప్పుడు దాని మీద నడవొచ్చా? నడవడానికి ప్రత్యేకంగా చేసిన గాజు వేరు, చాలా మందంగా ఉంటుంది. మామూలు తెరుచుకునే మూత నడవడానికి కాదు. ‘మనిషి పొరపాటున మీద పడినా గాజు పగిలి అతను కిందికి పోడు’ అనే హామీ ఇంకొకటి. ఈ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడే సేల్స్‌మన్ దగ్గర ఆ హామీ ఏదో రాతపూర్వకంగా అడగండి.

గాజు లోపలి సంగతి

‘టఫెన్డ్ గ్లాస్ అండీ, పగలదు’ అనే మాట తరచూ వినిపిస్తుంది. టఫెన్డ్ గ్లాసు మామూలు గాజుకంటే చాలా గట్టిది, నిజమే. పగిలినప్పుడు బెల్లంముక్కల్లాంటి చిన్న తునకలవుతుంది, కత్తుల్లాంటి పెంకులు కావు. తలుపుకు, కిటికీకి ఆ గుణం మంచిదే. తల మీద ఉండే గాజుకు మాత్రం అదే ఇబ్బంది. పలక మొత్తం ఒక్కసారిగా కింద మెట్ల మీదున్నవాళ్లపై కురుస్తుంది. పైగా టఫెన్డ్ గాజు ఏ దెబ్బా తగలకుండానే అరుదుగా పగిలిపోతుంది. తయారీలో చిక్కుకున్న సూక్ష్మమైన నికెల్ సల్ఫైడ్ రేణువు కాలక్రమంలో ఉబ్బడమే దానికి కారణం. అలాంటి పలకల్ని ముందే ఏరేయడానికి ఫ్యాక్టరీలో కొలిమిలో గంటల తరబడి వేడిచేసే హీట్ సోక్ పరీక్ష ఉంది.

కాబట్టి లోపలి పలక, అంటే మన తలల వైపున్నది, లామినేటెడ్ అయి తీరాలి. రెండు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర పెట్టి అంటించిన గాజు ఇది. కారు ముందు అద్దం ఇలాంటిదే. పగిలినా ముక్కలు ఆ పొరనే పట్టుకుని వేలాడతాయి. సుత్తితో కొట్టినా మనిషి దూరేంత కంత చేయడానికి చాలాసేపు పడుతుంది, చప్పుడూ అవుతుంది, కాబట్టి దొంగల బెడదకూ ఇదే జవాబు. అతినీల లోహిత కిరణాల్ని దాదాపు పూర్తిగా ఆపుతుంది. వాన చినుకుల మోతను కొంత మింగుతుంది. బయటి పలక టఫెన్డ్, లోపలి పలక లామినేటెడ్, మధ్యలో గాలి లేదా ఆర్గాన్ వాయువు. బేరంలో ఇంకేది తగ్గించినా ఈ కూర్పును తగ్గించనివ్వకండి.

ఇక వేడి. మబ్బులేని మధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్ల శక్తి మోసుకొస్తుంది. మామూలు తెల్ల గాజు అందులో ఎనభై శాతం దాకా లోపలికి వదులుతుంది. రెండున్నర చదరపు మీటర్ల మూత కింద అది 2000 వాట్లు. మధ్యాహ్నమంతా మెట్ల మీద పెద్ద రూం హీటర్ వెలిగించినట్టే. ఎంత వేడిని లోపలికి వదులుతుందో చెప్పే అంకెను ఎస్‌హెచ్‌జీసీ అనో జీ-వాల్యూ అనో రాస్తారు. అది 0.3 ఉన్న గాజు తీసుకుంటే అదే మూత నుంచి 750 వాట్లే వస్తుంది. గోడ కిటికీకంటే కప్పు గాజుకు ఈ అంకె ఎందుకు ఎక్కువ ముఖ్యమంటే, వేసవిలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, చలికాలంలో వాలి ఉంటాడు. పడుకోబెట్టిన గాజు మీద ఎండ అక్కర్లేని కాలంలో ఎక్కువగా, కావాల్సిన కాలంలో తక్కువగా పడుతుంది.

వేడి తగ్గించాలని నల్లగా రంగు వేసిన గాజు తీసుకుంటే వెలుగూ పోతుంది, ఆ గాజు తనే వేడెక్కి లోపలికి సెగ కొడుతుంది. లో-ఈ అనే, కంటికి కనిపించనంత పలుచని లోహపు పూత ఉన్న గాజు నయం. వేడిని తిప్పికొట్టే రకం పూత వెలుగును చాలావరకు వదిలి, వేడిని ఎక్కువగా ఆపుతుంది. ఎండ ప్రాంతాల్లో ఆ పూత బయటి పలకకు లోపలి వైపున ఉండాలి. అయినా సరిపోకపోతే తెర కట్టాలి, అదీ గాజు బయట కట్టాలి. లోపల కట్టిన తెర వెలుగును ఆపుతుందే గానీ, వేడి అప్పటికే గాజు దాటి ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది.

వెలుగు తగ్గుతుందేమోనన్న బెంగ అక్కర్లేదు. మబ్బు పట్టిన ఆకాశం కూడా దిగంతం దగ్గరకంటే నడినెత్తిన మూడింతలు ప్రకాశంగా ఉంటుంది. 1955 నుంచి వెలుగు లెక్కలకు వాడుతున్న అంతర్జాతీయ ప్రమాణం చెప్పేది ఇదే. అందువల్ల కప్పులో గాజు అదే కొలత గోడ కిటికీకంటే చాలా ఎక్కువ వెలుగునిస్తుంది. మెట్ల దారికి చిన్న మూత కూడా ఎక్కువే.

చలి ఉండే చోట చూడాల్సింది యూ-వాల్యూ. లోపలి వేడి ఎంత త్వరగా బయటికి పోతుందో చెప్పే అంకె అది, ఎంత తక్కువైతే అంత మంచిది. ఒంటి గాజుకు 5.7 దగ్గర్లో, మామూలు జంట గాజుకు 2.8 దగ్గర్లో, లో-ఈ పూత, ఆర్గాన్ ఉన్న జంట గాజుకు 1.1 నుంచి 1.4 దాకా ఉంటుంది. ఇక్కడొక మెలిక ఉంది. బ్రోచర్‌లో వేసే అంకె తరచూ నిలబెట్టిన గాజుకు కొలిచింది. అదే గాజును పడుకోబెడితే రెండు పలకల మధ్య వాయువు ఎక్కువగా కదులుతుంది, అంకె చెడుతుంది. పైగా అది గాజు నడిమి భాగానికి వేసిన లెక్క, ఫ్రేము అందులో ఉండదు. ‘ఫ్రేముతో కలిపి, పడుకున్న స్థితిలో ఎంత?’ అని అడగండి. జవాబు చెప్పగలిగిన కంపెనీకి తన సరుకు తెలుసని అర్థం.

అల్యూమినియం ఫ్రేము వేడిని ఇట్టే దాటిస్తుంది. ఇంట్లోని వేడి, తేమ గాలి మెట్ల దారిన పైకి చేరి, చల్లని ఫ్రేముకు తగిలి నీటిబొట్లవుతుంది. గదిలో 20 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉంటే 9 డిగ్రీల దగ్గర్లో ఉన్న ఏ తలం మీదైనా చెమ్మ పడుతుంది. మెట్ల మీద చుక్కలు చూసి కప్పు కారుతోందనుకుని మేస్త్రీని పిలిచే ఇళ్లలో కొన్నింటి అసలు సమస్య ఇదే. ఫ్రేము లోపలి, బయటి భాగాల మధ్య వేడిని ఆపే ప్లాస్టిక్ పట్టీ ఉంటే ఇది చాలావరకు తగ్గుతుంది. థర్మల్ బ్రేక్ ఉందా అని అడిగితే అమ్మేవాళ్లకు అర్థమవుతుంది.

నీళ్లు: మూతకంటే గట్టు ముఖ్యం

కారే స్కైలైట్లలో గాజు తప్పు అరుదు. తప్పంతా కప్పులోని ఖాళీ చుట్టూ లేపి, గాజును కూర్చోబెట్టిన గట్టుది. డాబా పూర్తయ్యాక ఉండే మట్టానికి గట్టు కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తుండాలి. పూర్తయ్యాక అన్నమాటే కీలకం. ఉత్త స్లాబు మీంచి కొలిచి 15 పెడతారు, తర్వాత వాలు కోసం కాంక్రీటు, వేడి ఆపే పొర, టైల్స్, ఆపైన చెక్క ఫ్లోరింగ్ వేస్తారు. చివరికి మిగిలేది అయిదారు సెంటీమీటర్లు. జోరువానకు ఎగిరే తుంపర చాలు, నీళ్లు అంచు దాటడానికి. గట్టు ఎత్తు పెరిగితే దాటడానికి ఒక మెట్టు అదనంగా వేసుకోవాల్సి వస్తుంది. వేసుకోండి.

డాబా మీది వాటర్‌ప్రూఫింగ్ పొర గట్టు పైదాకా ఎక్కి, దాని నెత్తిన మడిచి, ఫ్రేము కిందికి వెళ్లాలి. గట్టు మొదట్లో ఆపేసి సిలికాన్ పూసే పనివాళ్లున్నారు. కేవలం సిలికాన్ మీద ఆధారపడిన అతుకు ఏదో ఒక వానాకాలంలో వదిలేస్తుంది. గాజు కూడా చదునుగా కాకుండా 3 నుంచి 5 డిగ్రీల వాలుతో ఉండాలి. లేకపోతే నీళ్లు నిలిచి, దుమ్ము అట్టకట్టి, కింద నుంచి చూస్తే ఆకాశానికి బదులు మరకలు కనిపిస్తాయి. తనను తాను శుభ్రం చేసుకునే పూత ఉన్న గాజు 2001 నుంచి అమ్మకంలో ఉంది. కానీ అది పనిచేయాలంటే ఎండ, వాన, నీరు జారే వాలు మూడూ కావాలి.

డాబా నీటి గొట్టం ఆకులతో మూసుకుపోయిన రోజు ఏమవుతుందో కూడా ఊహించండి. పిట్టగోడల మధ్య నీరు చేరి మట్టం పెరుగుతుంది, చివరికి ఇంట్లోకి దారి ఈ గట్టే. పిట్టగోడలో, గట్టు అంచుకంటే తక్కువ ఎత్తులో, అదనపు నీరు బయటికి పోయే తూము ఒకటి ఉంచితే ఆ భయం ఉండదు. ఇంకోటి, కారడం మొదలయ్యాక స్కైలైట్ వాళ్లు వాటర్‌ప్రూఫింగ్ వాళ్లను, వాళ్లు వీళ్లను చూపిస్తారు. గట్టు అతుకుకు పూచీ ఎవరిదో పని మొదలవ్వకముందే ఒక్క వాక్యం రాయించుకుంటే ఈ టెన్షన్ తప్పుతుంది.

మోటారు పెట్టించుకుంటే కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద, అదీ లేకపోతే చేత్తో తెరిచే ఏర్పాటు ఉండాలి. నిప్పంటుకుంటే పొగ మొదట చేరేది మెట్ల పైభాగానికే, కాబట్టి ఈ మూతను తప్పించుకునే దారిగా లెక్కలోకి తీసుకునే ముందు స్థానిక అగ్నిమాపక నిబంధనలు ఏమంటున్నాయో కనుక్కోవాలి. మూసే స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపే మూత కదిలే రకం పిల్లలున్న ఇంటికి మంచిది, వేళ్లు నలిగే ప్రమాదం తక్కువ. వాన సెన్సర్ ఉపయోగమే. డాబా మీద ఎవరైనా ఉండగా అది మూత మూసేస్తే లోపలికి రావడానికి బయట కూడా తాళంచెవితో పనిచేసే స్విచ్ ఉండాలి. ఇన్ని చెప్పాక మోటారు గురించి ఒక మంచిమాట: పది సెంటీమీటర్లు మాత్రమే తెరిచి ఆపుకునే వీలుంటే, ఇంట్లో చేరిన వేడిగాలి సాయంత్రం ఆ సందులోంచి తనంతట తనే బయటికి పోతుంది, కింది కిటికీల నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. నన్నడిగితే మోటారుకు పెట్టిన ఖర్చు గిట్టేది ఇక్కడే.

ఆర్డరు ఇచ్చే ముందు ఇంకొక్క ప్రశ్న. జంట గాజు అంచుల సీలు శాశ్వతం కాదు. ఏదో ఒకనాటికి పలకల మధ్య ఆవిరి చేరి గాజు మసకబారుతుంది, అప్పుడు గాజు మార్చాలి. మొదటిసారి ఇల్లు కట్టేటప్పుడు క్రేన్ వచ్చింది, వీధి ఖాళీగా ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత తొంభై కిలోల పలక ఇరుకు సందులోంచి, తీగల మధ్యలోంచి డాబా మీదికి ఎలా చేరుతుంది? ఫ్రేము కదిలించకుండా గాజు ఒక్కటే మార్చొచ్చా, ఒక్క పలకకు బదులు రెండు చిన్న పలకలుగా చేయించుకుంటే మెట్ల దారినే మోసుకుపోవచ్చా అని అడగండి. కంపెనీ అప్పటికి ఉన్నా లేకపోయినా ఏ గాజు దుకాణమైనా కోసి ఇవ్వగలిగేలా, గాజు కొలతలు, పొరల వరస, పూత ఏ వైపుందో రాసిన డ్రాయింగు బిల్లుతో పాటే తీసుకోండి.